చిన్న రైలు చిట్టా

పర్లాకిమిడి రైలు గురించి రాసినవాళ్ళంతా దాన్ని రాజావారి రైలు అనే రాశారు. అందులో అబద్ధమేమీ లేదు. కట్టించింది రాజావారే, డబ్బు ఎస్టేటుదే. అయితే ఆ పట్టాల పక్కన బతికిన వర్తకులూ, గుమాస్తాలూ, మూటలు మోసినవాళ్ళూ, వాళ్ళ కుటుంబాలూ కూడా ఒక చరిత్ర రాసి పెట్టారు. అది చిట్టాల్లో, ఆవర్జాల్లో, రైలు రసీదుల్లో, ప్రామిసరీ నోట్లలో ఉంది. తెలుగు లిపిలో ఉంది. ఒడిశాలో స్థిరపడిన మన ఇళ్ళ అటకల మీద ఉంది. దాన్ని చదవగలిగేవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు. ఈ వ్యాసం ఆ కాగితాల గురించే.

నాకు చరిత్రలో పట్టా లేదు. బి.కాం. చదివి బ్యాంకులో చేరాను. ముప్పై ఏళ్ళుగా అంకెలూ, సంతకాలూ, తాకట్టు దస్తావేజులూ చూడడమే నా పని. మా తాతగారు పర్లాకిమిడిలో మొదట ఒక కొట్లో గుమాస్తాగా కుదిరి, తర్వాత సొంతంగా ఉప్పు, చింతపండు వ్యాపారం చేశారు. ఆయన లెక్కల పుస్తకాలు కొన్ని ట్రంకుపెట్టెలో మిగిలాయి. ఎర్రగుడ్డ అట్టలు, మధ్యలో చెదలు తిన్న పేజీలు. వాటిని బ్యాంకు ఉద్యోగి కళ్ళతో చదివాను. చదివినకొద్దీ ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదనిపించింది.

ముందు రైలు సంగతి చెప్పాలి. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే వాళ్ళు 1893-1896 మధ్య సముద్రతీరం వెంబడి పెద్దలైను వేశారు. ఆ లైను మీద నౌపడ ఒక స్టేషను. పర్లాకిమిడి అక్కడికి లోపలగా 25 మైళ్ళు. రాజా గౌరచంద్ర గజపతి తన రాజధానిని పెద్దలైనుతో కలపాలనుకున్నారు. 1898లో ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. 1900 ఏప్రిల్ 1న రైలు నడిచింది. మన లెక్కలో అవి శార్వరి నామ సంవత్సరం అప్పుడే మొదలైన రోజులు. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులు. అయిన ఖర్చు 7 లక్షల రూపాయలు. అంటే మైలుకి 28 వేలు.

తొలి పదేళ్ళూ రైలు నష్టంలోనే నడిచింది. 1910 తర్వాత కొద్దిపాటి లాభం కనిపించింది. 1924-25 తర్వాత లాభాలు పెరిగాయి. ఆ ధైర్యంతోనే లైనుని వంశధార లోయలోకి పొడిగించి, రెండు విడతలుగా, 1929లోనూ 1931లోనూ, గుణుపురం చేర్చారు. మొత్తం 90 కిలోమీటర్లు. గౌరచంద్ర గజపతి 1905లోనే పోయారు. పొడిగించినది ఆయన కుమారుడు కృష్ణచంద్ర గజపతి కాలంలో.

ఇవాళ ఎవరైనా ఇలాంటి ప్రాజెక్టుకి అప్పు అడిగితే, పదేళ్ళు నష్టమని తెలిస్తే మేము ఫైలు వెనక్కి పంపేస్తాం. కానీ రైలు జమాఖర్చు వేరు, ఊరి జమాఖర్చు వేరు. ఎడ్లబండి మీద రెండు రోజులు పట్టే దూరాన్ని రైలు ఒక్క పూటలోకి తెచ్చింది. దానివల్ల వర్తకుడికి మిగిలిన డబ్బు రైలు లెక్కల్లో కనబడదు. ఒకే సొమ్ముతో సంవత్సరానికి రెండుసార్లు సరుకు తిప్పేవాడు నాలుగుసార్లు తిప్పగలిగితే ఆ లాభం ఎక్కడ పడుతుంది? వాడి ఆవర్జాలో పడుతుంది. కనుక ఈ రైలు లాభనష్టాలు పూర్తిగా తెలియాలంటే రైల్వే నివేదికలు చాలవు. కొట్ల పుస్తకాలు కూడా చూడాలి.

మా తాతగారి పుస్తకాల్లో ఆ సంగతి స్పష్టంగా ఉంది. నౌపడ ఉప్పళ్ళ నుంచి ఉప్పు పైకి వెళ్ళేది. పై నుంచి చింతపండు, ధాన్యం కిందికి వచ్చేవి. 1931కి ముందు గుణుపురం సరుకు పద్దుల్లో బండి కిరాయి, బండివాడి బత్తెం, దారిలో గడ్డి ఖర్చు అని మూడు నాలుగు వరుసలుండేవి. ప్రజోత్పత్తి సంవత్సరం తర్వాత ఆ వరుసలు పోయి రైలు కిరాయి అన్న ఒక్క మాట మిగిలింది. ఒక బండివాడి పేరు అప్పటిదాకా నెలకి రెండుసార్లు కనిపించేది. తర్వాత ఏడాదికి ఒకసారి, అదీ పండగ బాకీ కింద. రైలు ఎవరికి మేలు చేసిందో, ఎవరి పొట్ట కొట్టిందో ఒకే పుస్తకంలో పక్కపక్కన ఉంది.

నౌపడలో ఇంకొక ఖర్చు తప్పేది కాదు. చిన్నలైను వేగను పెద్దలైను మీద నడవదు. కనుక ప్రతి బస్తానీ మనుషులే దించి మళ్ళీ ఎక్కించాలి. చిట్టాలో దీనికి నౌపడ మార్పిడి కూలి అని ప్రత్యేకంగా పద్దు ఉంది. దాని వెంటే తరుగు అని ఇంకో పద్దు. బస్తా చిరిగి కారిన ఉప్పూ, తడిసిన చింతపండూ అందులోకి వస్తాయి. ఆ రెండు పద్దులూ కలిపి చూస్తే, పట్టాల ఎడం తక్కువ కావడానికి వర్తకుడు చెల్లించిన మూల్యం తెలుస్తుంది.

రైలు రసీదు సంగతి కూడా రెండు మాటలు చెప్పాలి. సరుకు రైలుకి అప్పగించినప్పుడు స్టేషన్లో ఇచ్చే ఆ చీటీ మామూలు రసీదు కాదు. 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం దాన్ని హక్కుపత్రాల్లో చేర్చింది. రసీదు ఎవరి చేతిలో ఉంటే సరుకు వాళ్ళు విడిపించుకోవచ్చు. అమ్మినవాడు రసీదుకి బిల్లు జతచేసి బ్యాంకులో ఇచ్చి ముందే డబ్బు తెచ్చుకునేవాడు. కొన్నవాడు తన ఊరి బ్యాంకులో సొమ్ము కట్టి రసీదు తీసుకుని స్టేషనుకి వెళ్ళేవాడు. ఒకరి ముఖం ఒకరు చూడకుండా వందల మైళ్ళ మధ్య వ్యాపారం సాగింది ఈ కాగితం మీదనే. మన ఇళ్ళలో మిగిలిన పాత రసీదుల్ని చిత్తుకాగితాలని పారేయకండి. తేదీ, స్టేషను, సరుకు, తూకం, పంపినవాడు, అందుకునేవాడు - ఆరు ముక్కలు ఒక్క చీటీలో దొరుకుతాయి.

ఇక సరిహద్దు మాట. 1900లో రైలు మొదలైనప్పుడు నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా అంతా గంజాం జిల్లా. 1931లో పొడిగించిన లైను చేరిన గుణుపురం జయపురం ఎస్టేటులోది, విశాఖపట్నం జిల్లాకి చెందినది. రెండు జిల్లాలూ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ఆ తర్వాత ఓడొనెల్ కమిటీ వచ్చింది. అందులో సహసభ్యులుగా ఒడియావారి పక్షాన కృష్ణచంద్ర గజపతి, తెలుగువారి పక్షాన సి.వి.ఎస్. నరసింహరాజు ఉన్నారు. ఎవరి భాషవాళ్ళు ఎంతమంది అనే లెక్కల మీద ఏళ్ళ తరబడి వాదాలు జరిగాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి పట్టణమూ, ఎస్టేటులో కొంత భాగమూ, గుణుపురమూ ఒడిశాలోకి వెళ్ళాయి. టెక్కలి, టెంబూరు, పాతపట్నం మద్రాసులోనే ఉండిపోయాయి. పాతపట్నానికీ పర్లాకిమిడికీ మధ్య ఉన్నది మహేంద్రతనయ ఏరు. ఏటికి ఇవతల ఒక రాష్ట్రం, అవతల ఒక రాష్ట్రం. రైలు మాత్రం వంతెన మీద ఎప్పటిలాగే పోయింది.

1936 ఏప్రిల్ 1 నాటి చిట్టా పేజీ కోసం ఆత్రంగా వెతికాను. ధాత సంవత్సరం, చైత్రమాసం. ఉప్పు అమ్మకం, ఒక చేబదులు, గుడికి ఇచ్చిన నూనె ఖర్చు, రాత్రి నిల్వ. రాష్ట్రం మారిందన్న మాట ఒక్కటీ లేదు. ఆ తర్వాతి నెలల్లోనూ లేదు. పెళ్ళి సంబంధాలు పాతపట్నం, టెక్కలి వైపే కొనసాగాయి. మా నాయనమ్మ పుట్టింటికి పండగ సారె రైల్లోనే వెళ్ళింది.

మరి సరిహద్దు మా కొట్లోకి ఎప్పుడు వచ్చింది? యుద్ధకాలంలో ధాన్యం మీద నియంత్రణ పెట్టినప్పుడు పర్మిటు అన్న మాటతో వచ్చింది. తర్వాత అమ్మకపు పన్నుతో స్థిరపడింది. మద్రాసు ప్రభుత్వం 1939లోనూ, ఒడిశా ప్రభుత్వం 1947లోనూ అమ్మకపు పన్ను చట్టాలు చేశాయి. 1956లో కేంద్ర అమ్మకపు పన్ను చట్టం వచ్చింది. దాంతో, ఏరు దాటి వచ్చిన బస్తా పరాయి రాష్ట్రపు సరుకై కూర్చుంది. పటాల్లో 1936లో గీసిన గీత వర్తకుడి పుస్తకంలో పడడానికి పదేళ్ళూ ఇరవై ఏళ్ళూ పట్టింది. ప్రభుత్వ ఉత్తర్వులు చదివితే ఈ తేడా తెలియదు. చిట్టా చదివితేనే తెలుస్తుంది.

సరిహద్దు మనుషులకంటె కాగితాల్ని ఎక్కువ చెదరగొట్టింది. ప్రెసిడెన్సీ కాలపు ప్రభుత్వ దస్త్రాలకి నిలయం మద్రాసు ఎగ్మూరులోని రికార్డాఫీసు, ఇప్పటి తమిళనాడు ఆర్కైవ్స్. రైలు నిర్వహణ చూసిన బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన కార్యాలయం కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఉండేది. అది 1944లో ప్రభుత్వపరమై, 1952లో ఈస్టర్న్ రైల్వేలో, 1955లో సౌత్ ఈస్టర్న్‌లో కలిసింది. 2003లో ఈ లైను భువనేశ్వర్ కేంద్రంగా ఉన్న ఈస్ట్ కోస్ట్ రైల్వేకి వచ్చింది. ఎస్టేటు రద్దు కూడా రెండు చట్టాల కింద జరిగింది. ఆంధ్ర వైపు భాగానికి మద్రాసు 1948 చట్టం, ఒడిశా వైపు భాగానికి ఆ రాష్ట్రపు 1951 చట్టం. జిల్లాలు సరేసరి. ఇవతలి ఊళ్ళు గంజాం నుంచి విశాఖపట్నానికీ, 1950లో శ్రీకాకుళానికీ మారాయి. అవతల పర్లాకిమిడి గంజాంలో ఉండి 1992లో గజపతి జిల్లా అయింది. గుణుపురం కోరాపుట్‌కీ, అక్కణ్ణించి 1992లో రాయగడ జిల్లాకీ పోయింది. 90 కిలోమీటర్ల రైలు చరిత్ర రాయాలంటే చెన్నై, కలకత్తా, భువనేశ్వర్, శ్రీకాకుళం తిరగాలి. ఇంత తిరిగినా అక్కడ దొరికేది ప్రభుత్వం వైపు మాట. మన వైపు మాట మన ట్రంకుపెట్టెల్లోనే ఉంది.

ఆ పెట్టె తెరిచినవాళ్ళకి మొదట ఎదురయ్యేది అర్థంకాని గుర్తులు. వాటికి భయపడనక్కర్లేదు. నేను నేర్చుకున్నది చెబుతాను.

రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు. పాత చిట్టాల్లో అణాల్ని అంకెలతో కాక గీతలతో రాశారు. నిలువుగీత ఒకటి పావలా, అంటే నాలుగణాలు. అడ్డగీత ఒకటి అణా. మూడు నిలువుగీతలూ రెండు అడ్డగీతలూ ఉంటే 14 అణాలు. నాలుగేసి చొప్పున భాగించుకుంటూ పోయే పద్ధతి ఇది. పది నిమిషాలు సాధన చేస్తే చిన్నపిల్లలు కూడా చదువుతారు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాక గీతలు క్రమంగా మాయమయ్యాయి. కనుక తేదీ చిరిగిపోయిన పేజీ కాలం అంచనా వేయడానికి గీతలే కొండగుర్తు.

తూకంలో ఇంకో చిక్కుంది. మన వీశె 120 తులాలు, మన మణుగు 8 వీశెలు. అంటే 960 తులాలు, ఇప్పటి లెక్కలో 11 కిలోల పైచిలుకు. రైల్వేవాళ్ళ మణుగు 40 సేర్లు, సేరుకి 80 తులాలు. అంటే 3200 తులాలు, 37 కిలోల పైన. రెండింటికీ పేరు ఒకటే. మూడు రైల్వే మణుగులు పది ఊరి మణుగులకి సమానం. చిట్టాలో 10 అనీ, రసీదులో 3 అనీ కనిపిస్తే గుమాస్తా దొంగలెక్క రాశాడని అనుకోకండి. లెక్క సరిపోయింది.

కాలం కూడా రకరకాలుగా నడిచేది. కొట్టు పుస్తకంలో తెలుగు సంవత్సరం పేరు ఉంటుంది. అరవై ఏళ్ళకి అదే పేరు తిరిగి వస్తుంది కాబట్టి ధరలు చూసి ఏ ఆవృత్తో తేల్చుకోవాలి. శిస్తు రసీదుల్లో ఫసలీ ఉంటుంది. మద్రాసు ఇలాకాలో అది జులై 1న మొదలయ్యేది. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1310 అంటే 1900 జులై నుంచి 1901 జూన్ దాకా. ఒడియా కాగితాల్లో అంక సంవత్సరాలు కనిపిస్తాయి. వాటిలో 1నీ, 6తో ముగిసేవాటినీ, 10 తప్ప సున్నతో ముగిసేవాటినీ లెక్కపెట్టరు. కనుక 25వ అంక అంటే ఏలుబడిలో 21వ ఏడు. ఈ మూడూ తెలిస్తే తేదీలన్నీ లొంగుతాయి.

ఇలా చదివితే ఇంటి చరిత్ర తనంతట తానే బయటపడుతుంది. మా పుస్తకాల్లో రంగం మనియార్డరు అని మాటిమాటికీ వస్తుంది. ఉత్తరాంధ్రలో రంగూన్‌ని రంగం అనే అన్నారు. తాతగారి తమ్ముడు అక్కడ మిల్లులో పనిచేసేవాడని ఇంట్లో విన్నాం, అంతకుమించి తెలియదు. చిట్టాలో ఆయన పంపిన సొమ్ము, దానితో తీరిన బాకీలు, చెల్లెలి పెళ్ళికి తీసిన మొత్తం అన్నీ ఉన్నాయి. 1941 చివరతో ఆ పద్దులు ఆగిపోయాయి. ఆ డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాయి. 1942 మార్చిలో జపాన్ సేనలు పట్టణాన్ని పట్టుకున్నాయి. తర్వాత రెండేళ్ళ పాటు ఆయన పేరున ఖాతా తెరిచే ఉంచారు, జమ ఏమీ పడలేదు. మూడో ఏడు ఖాతా కట్టేశారు. ఆ యింట్లో ఆశ ఎంతకాలం నిలిచిందో తేదీతో సహా తెలిసింది.

ఈ చదువు ఇంటి గుట్టుకే కాదు, ఆస్తి హక్కుకీ అవసరం. నేను ఒక బ్రాంచిలో అప్పుల విభాగంలో ఉండగా మనవాళ్ళ కుర్రాడొకడు ఇంటి మీద అప్పు కోసం వచ్చాడు. మూలదస్తావేజు 1920లనాటిది, మద్రాసు స్టాంపు కాగితం మీద తెలుగులో ఉంది. వకీలుకి తెలుగు రాదు, తర్జుమా తెమ్మన్నాడు. కుర్రాడు ఇంట్లో తెలుగే మాట్లాడతాడు గానీ బడి చదువంతా ఒడియాలో సాగింది. చదివి చెప్పమని నన్నడిగాడు. చదివాను. కొన్నవాడు టెక్కలి దగ్గర ఒక గ్రామం నుంచి వచ్చి పర్లాకిమిడిలో ఉప్పు వర్తకం చేసుకుంటున్నవాడు. ఇంటికి తూర్పు హద్దు రైలు కట్ట. కుర్రాడు కాసేపు ఊరుకుని, "అయితే మేము టెక్కలివాళ్ళమా సార్? మా నాన్నకి కూడా తెలియదు" అన్నాడు. తర్జుమా అయింది, అప్పూ మంజూరైంది. కానీ ఆ మాట నన్ను వదలలేదు. బీరువాలో భద్రంగా దాచుకున్న కాగితం, తన ముత్తాత పేరున్న కాగితం, వాడికి పరాయి కాగితమైంది.

ఇందులో ఒడియా భాష తప్పేమీ లేదు. బతుకుతున్న రాష్ట్రపు భాష పిల్లలు నేర్చుకోవలసిందే. మనం చేయకుండా వదిలేసిన పని వేరే ఉంది.

ఇక్కడ గిడుగు రామమూర్తి పంతులుగారిని తలుచుకోకుండా ఉండలేను. ఆయన 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. వాడుకభాష రాతకి తగినదని ఆయన వాదించారు. పండితులు గ్రాంథికం కోసం పోట్లాడుతున్న రోజుల్లోనే అదే ఊరి బజారులో గుమాస్తాలు ఏ వాదమూ లేకుండా వాడుకలోనే చిట్టాలు రాసుకుపోయారు. "ఉప్పు తడిసింది, తరుగు ఒప్పుకోలేదు, మనిషిని పంపాం" అని మా తాతగారు రాసిన తీరు ఇప్పటికీ మా ఇంట్లో మాట్లాడే తీరే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరినప్పుడు పంతులుగారు ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. వెళ్ళలేనివాళ్ళూ, వెళ్ళక్కర్లేదనుకున్నవాళ్ళూ అక్కడే ఉండిపోయారు. వాళ్ళ పిల్లలం మనం.

2004 జూన్‌లో చిన్నరైలు ఆగిపోయింది. లైనుని బ్రాడ్‌గేజ్‌గా మార్చి 2010లో పర్లాకిమిడి దాకా, 2011లో గుణుపురం దాకా బండ్లు నడిపారు. ఇప్పుడు నౌపడలో బస్తాలు మార్చే పని లేదు. ఇంజన్లు మ్యూజియాలకి పోతాయి, వాటి చరిత్ర రాసేవాళ్ళుంటారు. మన చిట్టాలు మాత్రం ఇల్లు మారినప్పుడల్లా పాతకాగితాలవాడి తక్కెడలోకి పోతున్నాయి.

అందుచేత పాఠకులకి నా మనవి. ఇంట్లో పాత పుస్తకాలుంటే ముందు ఎండ తగలని పొడిచోటికి మార్చండి. అతికించే టేపు వేయకండి, కాగితం నల్లబడుతుంది. ప్రతి పేజీ ఫోటో తీయండి, ఇవాళ ఫోనులోనే అది సాధ్యం. ఇంట్లో డెబ్బై దాటిన పెద్దలుంటే ఎదురుగా కూర్చోబెట్టి పద్దులు చదివించండి, వాళ్ళు చెప్పిన పేర్లూ వరసలూ పక్కన రాసుకోండి. భూమి, ఇల్లు తాలూకు తెలుగు దస్తావేజులు ఉంటే అవసరం పడేదాకా ఆగకుండా ఇప్పుడే తర్జుమా చేయించి జతపరచండి. పిల్లలకి పెద్దబాలశిక్ష అంతా రాకపోయినా ఫరవాలేదు. అక్షరాలూ, అంకెలూ, అణాల గీతలూ నేర్పండి. వేసవి సెలవుల్లో నెల రోజులు చాలు. ఏ పద్దు అయినా బోధపడకపోతే నకలు తీసి ఈ పత్రికకి పంపండి. నాలాంటి పాత లెక్కలవాళ్ళు ఇంకా కొందరం ఉన్నాం, చదివి చెబుతాం.